మిగతా వచ్చే నెల

“పుండు మానుతోందమ్మా. పిల్లే మానట్లేదు,” అన్నాడు డాక్టరు.

దానమ్మ తలొంచుకుంది.

స్టెల్లా పదో తరగతి. దానమ్మ కొల్లేటి గట్టున చేపలు ప్యాకింగు చేసే షెడ్డులో కూలీ. మనుషులు తక్కువయ్యారని సెలవునాడు కూతుర్ని సాయానికి తీసుకెళ్లింది తనే. ఐసు పొడి చేసే మిషన్‌లో పడి పిల్ల కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది.

ఏలూరు పెద్దాసుపత్రిలో చేర్చినప్పట్నుంచీ స్టెల్లా గోడవైపు తిరిగే పడుకుంది.

మాట లేదు. ముద్ద కలిపి నోటికందిస్తే తోసేస్తోంది. తిండి లేకుండా ఏ మందూ పనిచెయ్యదని డాక్టరు చెప్పేశాడు.

చూడ్డానికొచ్చిన సైన్సు టీచరు, వెళ్తూ వెళ్తూ దానమ్మని వరండాలోకి పిలిచింది. స్టెల్లాకి సైన్సు పత్రికలంటే ప్రాణమనీ, బడిలో ఉన్నవన్నీ ఎప్పుడో చదివేసిందనీ చెప్పి, అలాంటివేవైనా కొత్తవి తెచ్చిపెట్టి చూడమంది.

దానమ్మకి చదువు రాదు. అయినా ఆగలేదు. బస్టాండు దగ్గర నిత్యానందం పుస్తకాల కొట్టుకి పరుగులాంటి నడకతో వెళ్లింది.

ఏది సైన్సో, ఏది సినిమానో తేలక, అట్టల మీద బొమ్మలు చూసుకుంటూ పోయింది. ఒక ఇంగ్లీషు పత్రిక మీద తళతళలాడే ఇనుపచెయ్యి కనబడింది. చటుక్కున దాన్ని పట్టుకుంది.

“ఎవరికమ్మా?”

కొట్టులో బెంచీ మీద కూర్చున్న మనిషి అడిగాడు. పుల్లలా ఉన్నాడు. మిట్టమధ్యాహ్నం ఉన్ని టోపీ పెట్టుకున్నాడు.

ఈయనకెందుకని విసుక్కోబోయింది దానమ్మ. కానీ అడిగినవాళ్లే లేని దుఃఖం అది. నోరు తెరిస్తే మొత్తం బయటికొచ్చేసింది.

ఆయన బల్ల పట్టుకుని మెల్లగా లేచాడు. ఒక్కో పత్రికా తిరగేశాడు.

కంప్యూటర్లదొకటి తీసి, ఇంట్లో కంప్యూటరుందా అని అడిగి, పక్కన పెట్టేశాడు. ఎంట్రన్సు పరీక్షలదొకటి చూసి, ఇది పిల్లల్ని పరుగెత్తమంటుందనీ, ఇప్పుడు వద్దనీ అన్నాడు.

ఇనుపచెయ్యి పత్రికని దానమ్మ చేతిలోంచి సున్నితంగా తీసుకున్నాడు.

“ఇది మీరు చూపించకూడదమ్మా. ఎప్పటికైనా ఆ అమ్మాయే అడగాలి.”

తన ఒళ్లో కవరుతో ఉన్న సన్నటి తెలుగు పత్రిక ఇచ్చి, ఇది తీసుకెళ్లమన్నాడు. డబ్బులు వద్దన్నాడు.

ఊరికే ఇస్తున్నాడంటే అమ్ముడుపోని సరుకే అయ్యుంటుందనుకుంది దానమ్మ. ఆయన అటు తిరగ్గానే ఇనుపచెయ్యి పత్రిక కూడా కొనేసింది.

స్టెల్లా ఆ ఇనుపచేతిని ఒక్క క్షణం చూసింది. దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. ఆ పూట మంచినీళ్లు కూడా ముట్టలేదు.

దానమ్మ బయట కుళాయి దగ్గర కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పిల్లని మిషన్ దగ్గరికి రెండోసారి తోసినట్టనిపించింది.

మర్నాడు టీ తీసుకుని వచ్చేసరికి, స్టెల్లా ఎడంచేత్తో ఆ సన్నటి పత్రిక పేజీలు తిప్పుతోంది.

దానమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

సాయంత్రానికి పిల్ల నోరు విప్పింది.

“మిగతాది ఏదమ్మా?”

అంగారకుడి మీదికి పంపిన బండి ఇసుకలో దిగబడిపోయిందట. చక్రాలు తిరిగేకొద్దీ ఇంకా కూరుకుపోతోందట. దాన్ని లాగడానికి అక్కడ మనిషి లేడట. ఇక్కడినుంచే ఏదో చేస్తున్నారట. సరిగ్గా అక్కడ ఆపేసి, మిగతా వచ్చే నెల అని వేశారట.

దానమ్మకి సంతోషం వెనకాలే కోపం ముంచుకొచ్చింది. ఇన్నాళ్లకి పిల్ల ఒకటి అడిగితే, అది లేదు.

నేరుగా కొట్టుకెళ్లింది. ఆయన బెంచీ మీదే ఉన్నాడు.

“సగం సగం పుస్తకం అంటగట్టారేంటండి? పిల్ల మిగతాది అడుగుతోంది.”

“అడిగిందా?” ఆయన ముందుకి వంగాడు. “ఎక్కడ ఆగిందమ్మా?”

“తెలీనట్టు అడుగుతారేంటండి. బండి ఇసుకలో దిగబడిపోయింది.”

“దిగబడిందా,” అన్నాడాయన నెమ్మదిగా. కాసేపు కళ్లు మూసుకున్నాడు.

“పిల్లకి చెప్పండమ్మా. అది బయటపడేది చూడాలంటే వచ్చే నెలదాకా ఉండాలి. ఉండాలంటే తినాలి.”

దానమ్మ కోపంగానే ఆసుపత్రికి వచ్చేసింది. కానీ ఆ మాటే చెప్పింది.

స్టెల్లా గోడవైపు నుంచి ఇటు తిరిగి, ముద్దకి నోరు తెరిచింది.

నెల తిరిగేసరికి పిల్ల ఇంటికొచ్చింది. ఎడంచేత్తో అక్షరాలు దిద్దుకుంటోంది. పత్రిక కోసం మళ్లీ ఏలూరు వెళ్తూ దానమ్మ ఆయన కోసం కొర్రమీను తీసుకెళ్లింది. ఆవేళ అన్న మాటకి క్షమించమని అడగాలనుకుంది.

బెంచీ ఖాళీగా ఉంది.

అక్కడ కూర్చునే సూర్యప్రకాశరావుగారు పోయి వారమైందన్నాడు నిత్యానందం. చందా ఇంకా మిగిలుందనీ, వచ్చినవన్నీ స్టెల్లాకే ఇమ్మని చెప్పి వెళ్లారనీ అంటూ కొత్త సంచిక చేతికిచ్చాడు.

“ఆయన చందా ఏంటండి?” అంది దానమ్మ.

“నా కొట్టుకి ఆ పత్రిక ఒక్క కాపీయే వస్తుందమ్మా, ఆయన కోసం. చెయ్యడానికింకేం లేదని ఆసుపత్రివాళ్లు పంపించేశాక, తరవాతేమైందో చదివి పోతానంటూ నెల నెలా బతుకుతూ వచ్చారు. మీకిచ్చినది ఆ పూటే వచ్చింది, కవరు కూడా చింపలేదు.”