తొమ్మిది రోజుల సెలవు

“నీకెన్ని రోజులు దొరుకుతాయి?” అడిగారు మామగారు, మ్యాపు మీద పరిచిన దారం కదలకుండా వేలితో నొక్కిపట్టి.

అల్లుడు కంచంలోంచి తలెత్తలేదు. “ఆరు. మహా అయితే.”

మామగారు సర్వే ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు మ్యాపులు గీసి రిటైరైన మనిషి. భోజనాల బల్లలో సగం ఆయన మ్యాపే ఆక్రమించింది. ఇంటి నుంచి కొండమీది క్షేత్రం దాకా కాలినడకన వెళ్ళాలని ఆయన కోరిక. ఎప్పటినుంచో అనుకుంటున్నదే కానీ ఈమధ్య మరీ పట్టుబట్టారు. దారాన్ని దారి వంపులన్నిటి వెంటా ఓపిగ్గా తిప్పి, స్కేలు మీద పెట్టి చూసి, నాలుగువందల పదహారు కిలోమీటర్లని తేల్చారు. రోజుకి పదహారు చొప్పున ఇరవయ్యారు రోజులు.

ఒక్కరే వెళ్ళడానికి కూతురు ససేమిరా అంది. అరవై ఎనిమిదేళ్ళు, పైగా కుడి మోకాలు ఎప్పుడు మొరాయిస్తుందో తెలీదు. ఆమె ఆసుపత్రిలో నర్సు. డ్యూటీలు వదిలి కదల్లేదు. ఇక మిగిలింది అల్లుడే.

“ఆరు రోజులంటే తొంభై ఆరు కిలోమీటర్లు,” అన్నారు మామగారు. “వాకిట్లోంచి బయల్దేరి ఏ పొలం గట్టు మీదో ఆగిపోతాం. అక్కడ ఎవరికి దణ్ణం పెట్టుకుని రావాలోయ్?”

“చివరి తొంభై ఆరూ నడుద్దాం మామయ్యా. అక్కడిదాకా బస్సులో పోదాం.”

“అలాగైతే మొత్తం బస్సులోనే పోవచ్చుగా.”

కూర వడ్డిస్తున్న భార్య ఆగింది. “పదకొండేళ్ళుగా జ్వరమొచ్చినా సెలవు పెట్టి ఎరగరు. నెల రోజులు అడిగితే మీ ఫ్యాక్టరీ మేనేజరు కాదంటాడా?”

“నీకు తెలీదులే,” అన్నాడతను.

సోమవారం సాయంత్రం ఆరింటికి అతను ఇంట్లో అడుగుపెట్టేసరికి మామగారు పెన్సిల్ చెక్కుకుంటూ గుమ్మంలోనే ఉన్నారు. “అడిగావా?”

“ఏడు ఇస్తానన్నారు.”

మామగారు రబ్బరుతో పాత గీతలు చెరిపి ఏడు రోజుల ప్లాను గీశారు. రాత్రి బస ఎక్కడో, నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో, ఎండ ముదిరాక ఏ చెట్ల వరసలో ఆగాలో అన్నీ రాశారు. బుధవారానికి అది ఎనిమిదైంది. మళ్ళీ చెరిపారు. ఆ రబ్బరు పొడి బల్ల మీంచి తుడుస్తుంటే అల్లుడికి తన మొహమే ఎవరో తుడిచేస్తున్నట్టుండేది. ఇన్నేళ్ళలో తననేమీ కోరని మనిషి. కోరిన ఆ ఒక్కదాన్ని కూడా తను ముక్కలు చేసి, రోజుకొక ముక్క విదిలిస్తున్నాడు.

శుక్రవారం పొద్దున మామగారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఎదురొచ్చారు. “నేనొచ్చి మీ మేనేజరుతో మాట్లాడనా? ముసలివాణ్ణి, నా మాట కాదనడు.”

“వద్దు.” గొంతు అనుకున్నదానికన్నా పెద్దదైంది. పక్కింటావిడ కిటికీలోంచి చూసింది. “నా పని నన్ను చూసుకోనివ్వండి మామయ్యా.”

మామగారు పెట్టుకున్న గుండీలు ఒక్కొక్కటే విప్పుకున్నారు. అల్లుడు క్యారియర్ పట్టుకుని మెట్లు దిగుతూ, కాళ్ళ మీద పడి క్షమాపణ అడగాలనుకున్నాడు. వెనక్కి మాత్రం తిరగలేకపోయాడు.

ఆ సాయంత్రం, “తొమ్మిది. ఇంక ఒక్కటి కూడా ఎక్కువివ్వరు,” అన్నాడు నేల చూస్తూ.

“సరే, తొమ్మిదే,” అన్నారు మామగారు తేలిగ్గా. “కానీ మన వాకిట్లోంచే బయల్దేరాలి. ఎంత దూరం పోతే అంత దూరం. మిగతాది తర్వాత చూద్దాం.”

ఆయన అంత సులువుగా సర్దుకున్నందుకు అల్లుడికి ఇంకా సిగ్గేసింది.

బయల్దేరిన మూడోరోజుకల్లా అతని మడమలు బొబ్బలెక్కాయి. రోజూ సాయంత్రం మామగారే సూదితో నీరు తీసి గుడ్డ కట్టేవారు. తన మోకాలికి కట్టు మాత్రం అల్లుడు చూడకుండా కట్టుకునేవారు. దారిలో కలిసిన ఒక మేస్త్రీ వాళ్ళతో రెండు రోజులు నడిచాడు. “మీ అల్లుడు అదృష్టవంతుడండీ,” అన్నాడొకసారి. “నాకు గంటకొక ఫోను. ఆయన్ని ఫ్యాక్టరీవాళ్ళు ఒక్కసారీ కదిలించరే.”

“చాలా పనున్న మనిషి. తొమ్మిది రోజుల కోసం ఎంత బతిమాలుకున్నాడో పాపం,” అన్నారు మామగారు.

అల్లుడు మంచినీళ్ళ వంకతో వెనకబడ్డాడు. ఆ పూటంతా వాళ్ళకి పాతికడుగుల వెనకే నడిచాడు.

తొమ్మిదోరోజు నాలుగున్నరకి నాలుగు రోడ్ల కూడలి వచ్చింది. నూట నలభై నాలుగు కిలోమీటర్లు. ఇంటికి పోయే బస్సు కుడివైపు రోడ్డు పడుతుంది. ఎదురుగా ఉన్నది కొండలవైపు. మామగారు టీ కొట్టు బల్ల మీద కూర్చుని, మోకాలు రాసుకుంటూ, ఆ కొండల్నే చూస్తున్నారు.

“నావల్లే మామయ్యా,” అన్నాడు అల్లుడు. “మిమ్మల్ని సగం దారిలో కూడా కాదు, అంతకంటే ముందే ఆపేశాను.”

ఆయన టీ ఊదుకుని తాగారు.

దుమ్ము లేపుకుంటూ బస్సొచ్చి ఆగింది. కండక్టరు ఊళ్ళ పేర్లు అరుస్తున్నాడు. అల్లుడు రెండు సంచులూ భుజానికి తగిలించుకున్నాడు. “లేవండి మామయ్యా. రేప్పొద్దున్నే నాకు డ్యూటీ.”

మామగారు గ్లాసు కింద పెట్టి, అతని భుజం మీంచి తన సంచి తీసుకున్నారు.

“ఆ బస్సుని పోనీ అల్లుడూ, నిన్ను పనిలోంచి తీసేసినట్టు రెండు నెలల కిందట ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రిజిస్టరు ఉత్తరం సంతకం పెట్టి తీసుకుంది నేనే.”