గోడ మీది మరక

"ముందే చెప్తున్న బిడ్డా, వాసన ఇంకా పూర్తిగ పోలే," అంది ఇంటి ఓనరు రాజమణి తాళం తీస్తూ. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

దర్వాజ తలకు తగులుతుందని ఆమె చెప్పబోయేలోపే సంధ్య తల వంచి లోపలికి నడిచింది.

కోరుట్లలో ఆ వారం సంధ్య చూసిన గదుల్లో ఇది మూడోది. మొదటి రెండూ దీనికంటే పెద్దవి, గాలి వచ్చేవి. హైదరాబాదులో కంపెనీ మానేసి, ఇంటి నుంచే సొంతంగా వెబ్‌సైట్లు తయారు చేసుకుందామని వచ్చింది. సోమవారం మొదటి క్లయింటుతో వీడియోలో మాట్లాడాలి. ఆలోగా గది కుదరాలి. ఇదే కుదరాలి. ఈ సందు మూల దాకా బ్రాడ్‌బ్యాండ్ తీగ ఉందని రాజమణికి ఫోన్‌లో కారణం చెప్పింది.

"ఇంట్ల కూసొని కంప్యూటర్ పని. ఎంత సాఫ్ పని!" రాజమణి మురిసిపోయింది. "నాకు మనసొంటోళ్ళే కావాలె బిడ్డా. కిందటి నెల దాంక ఐలమ్మని ఒక బీడీలామె ఉండె. దినమంత గీన్నే కూసొని బీడీలు చేసుడు. తంబాకు కంపు పైదాంక అచ్చేది. ఒకటే దగ్గు. మా ఇంట్ల వ్రతం నాడు సుత ఆపలే. థూ! పూజకు అచ్చినోళ్ళు ముక్కులు మూసుకున్నరు. తెల్లారే ఆమె బీడీలు చేసే చాట బయట పారేసి, ఖాళీ చేయమన్న."

"చాట పారేసిండ్రా?"

"చేత్తోని ముట్టలే. కట్టెతోని నూకిన. ఐదుసార్లు ఫినాయిల్ పెట్టి కడిగిచ్చిన, పసుపు నీళ్ళు చల్లిచ్చిన. వాళ్ళ తీరే గంత."

సంధ్య మొహం చిట్లించింది.

"కడుపుల తిప్పుతుందా బిడ్డా?"

"తిప్పుతుంది ఆంటీ."

"నాకూ గట్లనే అయితది," రాజమణి తృప్తిగా తలూపింది.

"గూట్ల ప్లగ్గు మార్పియ్యాలె ఆంటీ. నిప్పురవ్వలు కొడ్తది."

"నీకెట్ల ఎరుక?"

"నల్లగ మాడింది గదా."

"గదీ ఆమె పుణ్యమే. పొద్దుమాపు ఫోన్ చార్జింగే. వీడియో పెట్టుకొని ఇల్లంత చూపిచ్చుకుంట ఒకటే ముచ్చట్లు. ఏముందని చూపిచ్చుడు? ఒక్కలన్న అచ్చి చూసింది లేదు."

కిటికీ పక్కన, నేల నుంచి జానెడు ఎత్తున, గోడ మీద మనిషి వీపంత మరక ఉంది. నూనె, చెమట, పొగాకు దుమ్ము కలిసి గట్టిపడ్డ నలుపు. రాజమణి దాన్ని కాలు చాపి చూపించింది.

"గిది జూడు. నాలుగేండ్లు గోడకు వీపు రాసుడే, బర్రె రాసుకున్నట్టు. రేపే సున్నం ఏపిస్త."

"వద్దు!"

గొంతు గట్టిగా వచ్చింది. సంధ్య వెంటనే తగ్గించింది. "సున్నం తడి ఆరదు ఆంటీ. కంప్యూటర్లకు మంచిది గాదు. అట్లనే ఉండనియ్యిండ్రి."

"నీ ఇష్టం."

"పదకొండు నెలలకు కాగితం రాసుకుందాం. నడిమిట్ల ఖాళీ చెయ్యమనొద్దు. నా పని ఆగుతది."

"నీ అసొంటిదాన్ని ఎవలన్న ఎళ్ళగొడ్తరా? ఒక్కదానివే ఉంటవా?"

"అమ్మ ఉంటది."

"మంచిది. పెద్దమనిషి తోడుంటే నాకూ నిమ్మళం. అమ్మ ఉంటదని సుత రాయి."

సంధ్య రాసింది. రాజమణి చదివించుకుని సంతకం పెట్టింది.

ఆదివారం టేబుల్ వచ్చింది. పెద్ద స్క్రీన్, ఇన్వర్టర్, ఆఫీసు కుర్చీ వచ్చాయి. రాజమణి మెట్ల మీద నిలబడి, ఎదురింటి వాళ్ళకు వినిపించేలా అడిగింది.

"కుర్చీ ఒక్కటే తెస్తివి. మీ అమ్మకు?"

"అమ్మకు కింద కూసునుడే అలవాటు ఆంటీ."

"పాతకాలం మనిషి. గసొంటోళ్ళే నయం."

వాకిట్లో ఆటో ఆగిన చప్పుడైంది. కొత్తగా వచ్చే పెద్దమనిషికి మర్యాదగా ఉంటుందని, రాజమణి మంచి కప్పుల్లో చాయ్ పోసుకుని, పళ్ళెం పట్టుకుని నవ్వుతూ మెట్లు దిగింది.

"మా అమ్మ అచ్చింది ఆంటీ," అంది సంధ్య.

కొత్త చాట చంకన పెట్టుకుని ఆటో దిగిన ఐలమ్మ, దర్వాజ దగ్గర అలవాటుగా తల వంచి లోపలికి వచ్చి, ఆ మరకకే వీపు ఆనించి కూర్చుంది.