సోమవారం పాప

“ఈ ఫోటో తీసేయప్పా, నీకు దణ్ణం పెడతా!”

కాడుగోడి మార్కెట్ పక్కనున్న ఇంటర్నెట్ సెంటర్‌లో సుమ కంప్యూటర్ తెరకు రెండు చేతులూ అడ్డం పెట్టింది.

తెర మీద నోరంతా తెరిచి ఏడుస్తున్నది ఆమె కూతురు చిన్ని. చెవులు కుట్టించిన రోజు తీసిన ఫోటో. కింద ఎవరో రాశారు: ‘సోమవారం పొద్దున నేను.’ నిన్న గార్మెంట్స్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ ఫోనులో అది చూసి అందరూ పగలబడి నవ్వారు. తన బిడ్డేనని చెప్పడానికి సుమకు నోరు రాలేదు.

“తీసేదానికి ఇదేమన్నా గోడమీది పోస్టరా అక్కా?” సెంటర్ నడిపే సొన్నప్ప నవ్వాడు. “ఆర్కుట్‌లో, మెయిళ్లలో ఊరంతా తిరగతా ఉండాది. మ్యాచ్ ఓడితే సోమవారం పాపే, పెట్రోల్ రేటు పెరిగినా సోమవారం పాపే!”

“విన్నావా?” పక్కనుంచి అత్త అక్కయమ్మ అందుకుంది. “ఉండేదే రెండు ఫోటోలు, నీదొకటి, నాదొకటి. నాది ఇదో, నా వక్కాకు సంచిలోనే భద్రంగా ఉండాది. బిడ్డను అంగట్లో పెట్టినావు గదే!”

సుమ తలెత్తలేకపోయింది. తన దగ్గరున్న ఫోటోను ఒకసారి ముచ్చటపడి ఫ్యాక్టరీకి పట్టుకెళ్లింది. అప్పుడే ఎవరో ఫోనులోకి ఎక్కించుకుని ఉంటారు. ఇంతమంది కళ్లు పడ్డాయి, రేపు ఎవడైనా గుర్తుపట్టి ఎత్తుకుపోతే?

“మొదట ఎవరు పంపినారో చూడప్పా.”

సొన్నప్ప పాత మెయిళ్లు తిరగేశాడు. “ఇదో, ‘ఈ పాపకు ఆపరేషన్, రక్తం కావాల’ అంట.”

“అయ్యో, నా బిడ్డకేమి రోగం? గుండ్రాయి మాదిరి ఉండాది!”

“ఎవరి చేతికొస్తే వాళ్లు ఒక మాట రాసి పంపేస్తారక్కా.” ఇంకొంచెం వెనక్కి వెళ్లేసరికి సొన్నప్ప ముఖంలో నవ్వు పోయింది. “ఇది నిరుటిది. ఇదే అన్నిటికంటే ముందుది. దీంట్లో జోకు లేదు. ‘ఈ పాప కాడుగోడిలో రైల్వే స్టేషన్ దగ్గర తప్పిపోయింది. కనిపిస్తే ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని ఉండాది.”

“తప్పిపోయిందా? నా చిన్నీనా? ఎప్పుడు?”

“తల్లివి, నీకే తెలీదా అక్కా?”

పొద్దున పోతే చీకటికి ఇల్లు చేరే తల్లి తను. పగలంతా బిడ్డ అత్త దగ్గరే.

“పోనీలే సుమా,” అక్కయమ్మ గొంతు ఉన్నట్టుండి తగ్గింది. “జనం ఏమైనా రాస్తారు. ఇంటికి పోదాం పా, బిడ్డ నిద్ర లేస్తాది.”

“లేదత్తా. నా బిడ్డ తప్పిపోయిందని రాసిందెవరో ఈపొద్దు అడగాల్సిందే. చెయ్యప్పా ఫోను!”

సొన్నప్ప తెర మీది నంబరు చూసుకుంటూ నొక్కి, రిసీవర్ చెవికి ఆనించుకున్నాడు.

అక్కయమ్మ వక్కాకు సంచిలో ఫోను మోగింది.