తొలేళ్ళ వంట

ఉల్లిపాయల బుట్ట తీసుకెళ్ళి పశువుల పాకలో పెట్టమన్నాడు నరసింగరావు. పొయ్యి దగ్గరున్న జగ్గమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఏటయ్యా, ఉల్లిపాయలు కంటికి కనబడినా మైలేనేటి ఆళ్ళకి?"

రేపొక్క పూట ఓర్చుకోమన్నాడాయన. కొడుకు ధర్మేంద్ర తల్లి ముఖం చూడకుండా బుట్ట ఎత్తుకుని పెరట్లోకి జారుకున్నాడు.

ఆ రోజు తొలేళ్ళు. తెల్లారితే గరివిడి పక్కనున్న ఆ ఊళ్ళో అమ్మవారి సంబరం. సంబరం నాడు ఘటాలు ఊరంతా తిరిగి గుడికి చేరేదాకా ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగకూడదు. అందుకని పండగ భోజనమంతా ముందురోజే, తొలేళ్ళనాడే వండి దించేస్తారు. అమ్మవారికి వేట వేసి, ఆ మాంసం వాటాలేసుకుని ఇంటింటా కూర వండుతారు. ఊళ్ళో దాన్ని ఏటకూర అంటారు. రాత్రంతా దాకలో ఊరి మర్నాటికి ముక్క ముక్కకీ కారం పట్టిన జగ్గమ్మ ఏటకూర కోసం దూరపు చుట్టాలు కూడా ఏదో వంక పెట్టుకుని వస్తారు. పండగనాడు ఏటకూర తిన్నవాడే చుట్టమనీ, తిననివాడు ఊరికే చూడవచ్చినవాడనీ ఆ ఊరివాళ్ళ లెక్క.

అలాంటి ఇంట్లో ఈ ఏడు ఏటకూర లేదు. కారణం వియ్యాలవారు.

కోడలు ఝాన్సీ పాతపట్నం కిరాణా షావుకారు నగరేశ్వరరావు కూతురు. ధర్మేంద్రని ఇష్టపడి చేసుకుంది. ఆమె తల్లిదండ్రులు పెళ్ళికి వచ్చి అక్షింతలు వేశారే గాని, ఈ రెండేళ్ళలో ఒక్కసారీ ఈ గడప తొక్కలేదు. మాంసం వండే ఇంట వాళ్ళు మంచినీళ్ళయినా ముట్టరని పెళ్ళిలో ఎవరో అన్నారు. ఆ మాట జగ్గమ్మకి ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. తను వండింది వాళ్ళు కడుపునిండా తిని, మేమూ మీవాళ్ళమే అనిపించుకుంటే చాలు. ఆమెకి అంతకు మించి ఇంకేమీ అక్కర్లేదు.

తీరా ఈ సంబరానికి వస్తామని వాళ్ళే కబురు చేశారు. ఆ సంతోషం మూణ్ణాళ్ళ ముచ్చటే అయింది. ఝాన్సీ తల్లి అప్పలనరసమ్మ ఫోన్ చేసి, పండక్కి ఇంట్లో ఏట వండుతారా, వండితే వచ్చినవాళ్ళందరికీ వడ్డిస్తారా అని అడిగిందట. అమ్మ భయపడుతోందని ఝాన్సీ మొగుడికి చెప్పింది, వాడు తండ్రికి చెప్పాడు. మగాళ్ళిద్దరూ కూర్చుని తీర్పు ఇచ్చేశారు. మాంసం వద్దు, పాత గిన్నెలు వద్దు, ఉల్లీ వెల్లుల్లీ వద్దు. వండేదాన్ని ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. నలుగురి ఇళ్ళలోంచీ మసాలా వాసన వస్తూంటే జగ్గమ్మ కొత్త గిన్నెల్లో పులిహోర కలిపింది. పనసపొట్టుకి ఆవ పెట్టింది. బూర్లు వేయించింది. బూర్లు నూనెలో వేగుతుంటే తను నూనె లేకుండానే వేగింది. వీధిలోకి ఎవరొచ్చినా ఈ ఏడు మీ ఇంట్లో ఏట లేదటగా అనే అడిగారు.

సాయంత్రం మరిది త్రినాథ్ అమ్మవారి వాటా తెచ్చాడు. నరసింగరావు గుమ్మంలోనే ఆపి తిప్పి పంపేశాడు. అప్పుడు మాత్రం జగ్గమ్మకి కళ్ళనీళ్ళు ఆగలేదు.

"అమ్మోరి వాటా ఎనక్కి పంపీసినావు. మనింటికొచ్చి మన కూడు తినడానికి సిగ్గుపడేవోళ్ళ కోసం పంపీసినావు."

నావల్లే ఇదంతా అత్తయ్యా అని ఝాన్సీ దగ్గరికొచ్చింది. నిన్నేమీ అనడం లేదని, వెళ్ళి బూర్లకి మూత పెట్టమని అందామె. కోడలి మీద కోపం లేదు. కోపమంతా ఆ పెద్దమనుషుల మీదే.

మర్నాడు ఘటాలు గుడికి చేరాక వియ్యాలవారిని కూర్చోబెట్టి విస్తళ్ళు వేశారు. నగరేశ్వరరావు సన్నగా, మర్యాదగా ఉన్నాడు. మంచినీళ్ళు అడిగి మరీ తాగాడు. అంతవరకూ బాగానే ఉంది. కాని జగ్గమ్మ గిన్నె మూత తీసినప్పుడల్లా ఆయన మెడ సాచి లోపలికి చూస్తున్నాడు. పులిహోర గిన్నెలోకి చూశాడు, పనసపొట్టు గిన్నెలోకి చూశాడు. చూసి భార్య వైపు తిరుగుతున్నాడు. ఆవిడ విస్తట్లో మెతుకులు కెలుకుతూ వంటింటి వైపు చూస్తోంది. బూర్ల గిన్నె కూడా అయ్యాక, వంటింట్లో ఇంకేమైనా ఉందా వదినగారూ అని నగరేశ్వరరావు నెమ్మదిగా అడిగాడు.

సోదా చేస్తున్నారన్నమాట. జగ్గమ్మ గిన్నె కింద పెట్టేసింది.

"సూడండి అన్నయ్యగారూ. గిన్నెలు కొత్తవి. గ్యాసు పొయ్యి పసుపునీళ్ళతో కడిగినాను. ఉల్లిపాయలు పశువుల పాకలో ఉన్నాయి. అమ్మోరి వాటా మా గుమ్మంలోంచే ఎనక్కి ఎల్లిపోనాది. ఊరంతా నవ్వుతున్నా మీకోసం ఊరుకున్నాను. ఇంకా ఏటి ఎతుకుతన్నారు మా ఇంట్లో? మాము మీకు మనుసుల్లా కనబడతన్నామా, లేదా?"

నరసింగరావు ఒసే అని వారించబోయాడు. జగ్గమ్మ అటు చూడనైనా లేదు. ఝాన్సీ గోడకి ఆనుకుపోయింది. నగరేశ్వరరావు ముఖం ఎర్రబడింది. చెయ్యి విస్తట్లోంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మీరే చెప్పండి అన్నట్టు అప్పలనరసమ్మ మోచేత్తో పొడిచింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మీ ఏటకూర తినాలని నెల్లాళ్ళబట్టి మాంసం తినడం నేర్సుకుంటన్నాం, వదినగారూ."