ఎవరో ఒకరు

తెర మీద ఎండీ గారి పెదవులు కదులుతున్నాయి. మాట మాత్రం వినపడటం లేదు.

కంపెనీ సిబ్బంది అంతా హాల్లో ఉన్నారు. వాళ్ల కోసం తీయించిన ఆ చిన్న సినిమా పేరు ‘స్పష్టంగా మాట్లాడుకుందాం’. ఇది నచ్చితే ఇలాంటివి ఇంకో పది తీసే పని ఇస్తానని ఎండీ మాటిచ్చారు. నచ్చకపోతే డైరెక్టరు తన ఆఫీసుకు తాళం వేసుకోవడమే.

“సౌండేదయ్యా?” వెనక వరసలో డైరెక్టరు సౌండతని చెవి కొరికాడు.

“రికార్డు చేసి ఎడిటర్ మేడమ్‌కి ఇచ్చేశాను సర్. అక్కడితో నా పనైపోయింది.”

డైరెక్టరు ఎడిటరమ్మాయి వైపు తిరిగి పళ్లు నూరాడు. “షాట్ల మధ్యలో నా గొంతు పడిన చోట్లు తీసేయమంటే, మొత్తం పీకి పారేశావా తల్లీ?”

నిజానికి ఆమె ఏమీ తీయలేదు. ఆ పని సౌండతను చేసుంటాడనుకుంది. అతను ఆమె చేస్తుందనుకున్నాడు. డైరెక్టరు చెప్పిన మాట నిజమే గానీ, ఒక మనిషికి కాదు, గాలికి చెప్పాడు. “ఎవరో ఒకరు చూసుకోండి” అనేది ఆయన ఊతపదం. ఆ ఎవరో ఒకరు ఎవరని అడిగితే, అడిగినవాళ్ల నెత్తినే ఆ పని పడుతుంది. ఆ యూనిట్లో అదే చట్టం. అందుకే మీటింగుల్లో అందరూ బుద్ధిగా తలలూపి, “అర్థమైంది సర్” అనేసి టీకి పోతారు. ఇలాంటి బృందం స్పష్టంగా మాట్లాడుకోవడం గురించి లోకానికి పాఠం చెప్పడానికి బయల్దేరింది!

“మాట్లాడవేం?”

“అర్థమైంది సర్,” అంది ఎడిటరు అలవాటు కొద్దీ.

సినిమా అయిపోయింది. లైట్లు వెలిగాయి. సిబ్బంది అంతా ఎండీ మొహం వైపే చూశారు. డైరెక్టరు తలుపు ఎంత దూరంలో ఉందో చూసుకున్నాడు. అంతలో ఎండీ లేచి చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టాక సిబ్బంది కొట్టకుండా ఉంటారా?

“అద్భుతమయ్యా! అందరూ నోళ్లాడిస్తారు, ఒక్క ముక్క ఎవరికీ వినపడదు. అచ్చం మా ఆఫీసే! ఎవరిదీ ఆలోచన?”

సౌండతనూ ఎడిటరూ నేలచూపులు చూశారు. డైరెక్టరుకు పోయిన ప్రాణం లేచొచ్చింది. కాలరు సర్దుకుని ముందుకొచ్చాడు.

“నాదే సర్. మాట వినపడకూడదని మొదటి రోజు నుంచీ వీళ్లకి చెప్తూనే ఉన్నాను. ఈ సినిమాలో ప్రతి బొమ్మా, ప్రతి శబ్దమూ నా నిర్ణయమే. వీళ్లదేం లేదు.”

“శభాష్! మిగతా పదీ నీవే!” ఎండీ ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశారు.

అప్పుడు ప్రొజెక్టరు గదిలోంచి ఆపరేటరు పరుగెత్తుకొచ్చాడు. “క్షమించండి సర్. స్పీకరు వైరు తగిలించలేదు. మేనేజరు గారు చూసుకుంటారనుకున్నాను. ఇప్పుడు తగిలించేశాను. మళ్లీ వేయమంటారా?”

“సౌండు కూడా ఉందా! వెయ్యవయ్యా! అందరూ కూర్చోండి!” ఎండీ మురిసిపోయారు.

డైరెక్టరు ఎడిటరు వైపు చూశాడు. ఆమె సౌండతని వైపు చూసింది. అతను ఆమె వైపు చూశాడు.

లైట్లు ఆరాయి. తెర మీద పొడవాటి వరండాలో ఎండీ గారు ఠీవిగా నడిచొస్తున్నారు. స్పీకర్లలో డైరెక్టరు గొంతు ఖంగున మోగింది:

“వస్తున్నాడ్రా గుమ్మడికాయ! ఈయన నోరు మూసుకుంటే చాలు, ఈ ఆఫీసులో అందరూ హాయిగా మాట్లాడుకుంటారు. దానికి సినిమా కూడానా? ఒరేయ్, ఈ ముక్క తర్వాత ఎవరో ఒకరు తీసేయండి.”