అల్లం ముక్క

న్యమిరామా వాగు పొంగి వంతెనను, వంతెన మీద ఉన్న అహెబ్వాను తీసుకుపోయిన ఏడాది జరిగింది ఇది.

అహెబ్వా అడవిలో గొరిల్లాల దగ్గరికి మనుషుల్ని నడిపించేవాడు. వాడు పోయాక గుంపులో ఒక గొరిల్లా ఈనింది. తోటివాళ్ళు ఆ పిల్లకు వాడి పేరే పెట్టారు.

పిల్లను చూస్తానని అహెబ్వా తల్లి కెబిరుంగి అడిగింది. మామూలుగా అయితే కుదరదు. రోజుకు కొద్దిమందినే పంపుతారు. ఆ చోట్లన్నీ దూరదేశాలవాళ్ళు ముందే పట్టేస్తారు. వరదకు రోడ్డు తెగి ఉండటంతో ఆ రోజు ఒక చోటు మిగిలింది. రోడ్డు పడితే మళ్ళీ మిగలదు.

పొద్దున్నే అడవి గేటు దగ్గర బారిగ్యె అందరినీ నిలబెట్టాడు. పనిలో అహెబ్వాకు జోడీ అతను. ఇద్దరూ కెబిరుంగి పొయ్యి దగ్గరే పెరిగారు.

"దగ్గు ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి. మన జబ్బు గొరిల్లాలకు ఇట్టే అంటుకుంటుంది. పిల్లలైతే బతకవు" అన్నాడు.

అక్కడున్నది ఒక తెల్ల జంట, మూటలు మోసే తిబెసీగ్వా, కెబిరుంగి. ఎవరూ చెయ్యెత్తలేదు.

"పెద్దమ్మా, నీకేం లేదు కదా? వరద తర్వాత ఊరు ఊరంతా ఖళ్ళు ఖళ్ళుమంటోంది" అన్నాడు తిబెసీగ్వా.

"అల్లం నములుతున్నానురా. దగ్గు నా జోలికి రాదు."

"వస్తే మాత్రం ఇంటికే. మా బావమరిది ఇక్కడే పనిచేసేవాడా, మొన్న దగ్గాడు, పని పోయింది. ఇప్పుడు వాడి బూట్లు ఇంకొకడు తొడుక్కు తిరుగుతున్నాడు."

బారిగ్యె నవ్వలేదు. తీగలు నరికే కత్తి తీసుకుని ముందు నడిచాడు.

కొండ నిట్టనిలువుగా ఉంది. కాలు పెడితే తీగలు. గొరిల్లాలకు దగ్గరవుతున్నప్పుడు గొంతులో "మ్... హ్మ్" అని చప్పుడు చెయ్యాలి. మేం పరాయివాళ్ళం కాదు అని చెప్పడం అది. బారిగ్యె ఆ రోజు మొదటి ఎక్కుడు నుంచే మొదలుపెట్టాడు.

"ఇవాళ మావాడికి మర్యాద ముదిరింది. చెట్లను కూడా పలకరిస్తున్నాడు" అన్నాడు తిబెసీగ్వా.

తెల్లాయన సరదాపడి తనూ "హ్మ్" అన్నాడు.

కెబిరుంగి అందరికంటే వెనక పడింది. అక్కణ్ణుంచే కేక వేసింది.

"ఒరే బారిగ్యే, వాడికి అరటిపండు పెట్టొచ్చా?"

"వద్దు పెద్దమ్మా. మనం పెట్టింది అవి తినకూడదు."

"మావాడూ అంతే. పెట్టింది ఏనాడు తిన్నాడు గనక!"

పొదలు దట్టమయ్యాయి. ముందు మనిషికి వెనక మనిషి కనిపించడం లేదు. ఎదురుగా ఎక్కడో కొమ్మ విరిగిన చప్పుడైంది. గొరిల్లాలు దగ్గర్లోనే ఉన్నాయి.

అప్పుడు వినిపించింది దగ్గు. ఒక్కటే. గట్టిది.

బారిగ్యె గిరుక్కున వెనక్కి తిరిగాడు. తెల్లవాళ్ళూ తిరిగారు. తిబెసీగ్వా తిరిగాడు. మలుపులోంచి కెబిరుంగి వచ్చింది. ఆయాసపడుతూ, శాలువా నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

తెల్లావిడ పక్కకు జరిగింది. "ఈవిడను పంపించెయ్యండి. అక్కడ చంటిపిల్ల ఉందన్నారుగా" అంది.

కెబిరుంగి బారిగ్యె వైపు చూసింది. బారిగ్యె తన బూట్ల వైపు చూశాడు.

"అవును. నేనే" అంది కెబిరుంగి.

"రూలు, పెద్దమ్మా..." అన్నాడు బారిగ్యె, తలెత్తకుండానే.

"నాకు చెబుతావా? ఆ రూళ్ళు మీ ఇద్దరూ బట్టీ పట్టింది నా పొయ్యి దగ్గరే."

నడుం దగ్గర ముడి విప్పి, మిగిలిన అల్లం ముక్క తీసి అతని చేతిలో పెట్టింది.

"బుగ్గన పెట్టుకో. వాణ్ని నా బదులు చూసి రా. మరీ దగ్గరకు పోకు."

తిబెసీగ్వా ఆమెను వెంటబెట్టుకుని కిందికి దిగాడు.

బారిగ్యె తెల్లవాళ్ళను ఒరిగిపోయిన చెట్టుకు ఇవతలే ఆపేశాడు. తను ఇంకా వెనక నిలబడ్డాడు. ఇంత దూరం నుంచా అని వాళ్ళు సణిగారు. గొరిల్లా పిల్ల తన తల్లి వీపు మీంచి జారింది. పెద్దదానిలా రొమ్ము గుద్దుకోబోయి వెల్లకిలా పడింది. తెల్లావిడ చప్పుడు కాకుండా నవ్వింది. బారిగ్యె తల తిప్పుకున్నాడు.

సాయంత్రానికి తిబెసీగ్వా నోటి మీదుగా సంగతి ఊరంతా పాకింది. అరటికల్లు పాక ముందు ఆడవాళ్ళు గొంతు తగ్గించకుండానే మాట్లాడుకున్నారు.

"దగ్గు దాచుకుని పోతుందా ఎక్కడైనా?"

"పెద్ద కొడుకును వాగు మింగింది. ఈ చిన్నాణ్ణి తనే మింగేది."

కెబిరుంగి నీళ్ళ డబ్బా ఎత్తుకుని వాళ్ళ ముందు నుంచే వెళ్ళింది. తల దించుకునే వెళ్ళింది. బారిగ్యె ఆ పాకలోనే ఉన్నాడు. ముందున్న కల్లు ముట్టలేదు.

పొద్దు గుంకుతుండగా ఆమె ఇంటికి వెళ్ళాడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"ఎలా ఉన్నాడు?" అంది.

"వెల్లకిలా పడ్డాడు. ఎవరూ లేపకుండానే లేచాడు."

ఆమె నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. పొయ్యి మీంచి జొన్న అంబలి దించి అతని ముందు పెట్టింది.

"తాగు నాయనా. వేడి మీదే పనిచేస్తుంది."

మర్నాడు పొద్దున గేటు దగ్గర, కొత్తగా వచ్చినవాళ్ళ ఎదుట, బారిగ్యె ఎప్పటిలాగే "దగ్గు ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి" అని చెప్పి, నిన్న ఎత్తవలసిన తన చేతిని పైకెత్తాడు.