స్ప్రింగు ఉక్కు ఇరుసు

"మళ్ళీ విరిగిందన్నా" అంటూ డ్రైవరు రెండు ఇరుసు ముక్కలు నా లేత్ మిషను పక్కన పెట్టాడు. బస్సు నడపడం మానేశాక, రాళ్ళెక్కే రిమోట్ కారొకటి కొనుక్కున్నాడు. ఒక్కడే దాన్ని ఆడిస్తాడు. వారానికోసారైనా నా షెడ్డు మెట్టెక్కే మనిషి అతనొక్కడే.

"పోయినవారమేగా స్ప్రింగు ఉక్కుతో చేసిచ్చాను. పదేళ్ళదాకా నా మొహం చూడక్కర్లేదన్నాను."

"పెద్ద బండ ఎక్కించాన్లే. నీ ఉక్కుకి బండంటే భయమనుకుంటా."

"నా ఉక్కుకా?"

ముక్కల్ని వెలుతురులో తిప్పి చూశాను. బండ మీద పోయే ఇరుసు మెలితిరిగి విరుగుతుంది. ఇందులో మెలి లేదు. సగందాకా రంపం గీతలున్నాయి.

నేను తలెత్తేసరికి అతను కుడిచెయ్యి వెనక్కి దాచుకున్నాడు. అరచేతిలో బొబ్బలు అప్పటికే నా కంటబడ్డాయి.

బల్ల కిందనుంచి రెండో స్టూలు లాగి, గుడ్డతో తుడిచాను.

"కూర్చో. ఈసారి మెత్త ఇనుముతో చేస్తా."

"అది ఆగుతుందా అన్నా?"

"ఆగదు. వారం తిరిగేసరికి దానంతటదే విరుగుతుంది."

అతను చెయ్యి ముందుకు తీసి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.